మన కారు కూర్మం కాదు: చిన్న కారు మీద క్యారియర్ ఎంచుకోవడం, కట్టుకోవడం

కథలు, కవితలు చాలా వచ్చాయి, ఈసారి అందరికీ పనికొచ్చే పాఠం ఒకటి రాయమని మన క్లబ్ ఎడిటర్ అక్క అడిగింది. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. డ్రాగ్‌ని తెలుగులో ఏమనాలో తెలియక మా తాతయ్యని అడిగాను. "గాలి ఎనక్కి ఈడుస్తాది కదా, గాలి ఈడ్పు అను" అన్నాడు. అదే వాడుతున్నాను. మిగతా చోట్ల నాకు వచ్చిన తెలుగులో రాశాను, తప్పులుంటే సర్దుకోండి.

మాది శ్రీకూర్మం. శ్రీకాకుళం నుంచి గార రోడ్డులో సుమారు 13 కిలోమీటర్లు. విష్ణుమూర్తిని కూర్మ రూపంలో పూజించే గుడి మా ఊరిది. క్షీరసాగర మథనం కథ మీకు తెలుసు కదా. మందర పర్వతం మునిగిపోతుంటే స్వామి తాబేలై కిందకి వెళ్లి వీపు మీద మోశాడు. చిన్నప్పటి నుంచి ఈ కథ విన్నా, ఇందులో ఒక ఇంజినీరింగ్ విషయం ఉందని మొన్నటి దాకా నాకు తట్టలేదు. తాబేలు నేలకి ఆనుకుని ఉంటుంది, వెడల్పుగా ఉంటుంది, వీపంతా గట్టి డిప్ప. అందుకే మోయగలదు. మన చిన్న కారు ఎత్తుగా, సన్నగా ఉంటుంది, పైకప్పు పల్చని రేకు. అది కూర్మం కాదు. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క మాట చుట్టూనే.

ముందు మా ఇంట్లో జరిగింది

ఫస్టియర్ హాస్టల్లో చేరడానికి నాన్న, అమ్మ, తాతయ్య, నేను మా సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్‌లో బయల్దేరాం. డిక్కీలో పెట్టె, బకెట్, పుస్తకాలు, అమ్మ పెట్టిన పచ్చడి సీసాలు. పరుపు లోపల పట్టలేదు. మావయ్య దగ్గర పాత ఇనుప క్యారియర్ ఉంటే తెచ్చి పైన బిగించాం. పరుపు పైన వేసి, ఇంట్లో ఉన్న నైలాన్ తాడుతో రెండు చుట్లు చుట్టాం. తాతయ్య ఒకసారి తాడు లాగి చూసి, "ఏటిరా, ముందర కట్టలేదేటి?" అన్నాడు. టైమ్ అయిపోతోందని ఎవరూ పట్టించుకోలేదు.

శ్రీకూర్మం నుంచి శ్రీకాకుళం దాకా పరుపు కదల్లేదు. దాంతో ధైర్యం వచ్చింది. హైవే ఎక్కాక నాన్న 80 దాటించారు. ఎచ్చెర్ల, రణస్థలం, పైడిభీమవరం అన్నీ దాటాం. పూసపాటిరేగ దాటి భోగాపురం ఇంకా రాలేదు, ఒక లారీ మమ్మల్ని ఓవర్‌టేక్ చేసింది. ఆ గాలికి పరుపు ముందు అంచు లేచింది. ఒక్క సెకను తలుపులా నిలబడింది. తర్వాత తాడు తెగిన చప్పుడు. నేను వెనక అద్దంలోంచి చూశాను. పరుపు రోడ్డు మీద పడి దొర్లుతోంది, దాని వెనకే ఒక స్కూటర్ వస్తోంది.

స్కూటర్ ఆయన పక్కకి తిప్పి మట్టిలోకి దిగిపోయాడు. పడలేదు. వెనక ఆయన భార్య, ఇద్దరి మధ్య చిన్న పాప. మేం పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి తిడతాడనుకున్నాం. తిట్టలేదు. హ్యాండిల్ మీద ఆయన చేతులు వణుకుతున్నాయి. "పాప ఉంది బాబూ" అన్నాడంతే. పరుపు పక్కకి లాగడానికి సాయం కూడా చేసి వెళ్లిపోయాడు.

నాన్న ఆ తర్వాత చాలాసేపు కారు స్టార్ట్ చెయ్యలేదు. ఆ రోజు నుంచి నాకు ఒకటే ప్రశ్న. ఊళ్లో 13 కిలోమీటర్లు బాగున్న పరుపు హైవే మీద ఎందుకు ఎగిరింది? మనం ప్లస్ టూలో చదివిన ఫిజిక్స్‌లోనే దీనికి జవాబు ఉంది.

1. గాలి లెక్క

గాలి వల్ల కలిగే బలం ఇలా ఉంటుంది: సగం × గాలి సాంద్రత × వేగం వర్గం × వైశాల్యం × ఆకారాన్ని బట్టి ఒక గుణకం. గాలి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 1.2 కిలోలు. మా పరుపు 6 అడుగులు × 3 అడుగులు, అంటే 1.67 చదరపు మీటర్లు. గుణకం 1 అనుకుందాం. పరుపు అంచు లేచి గాలి పూర్తిగా కిందకి దూరితే ఎంత బలం వస్తుందో చూడండి (కిలోల బరువుగా మార్చి రాశాను):

40 కి.మీ. వేగంలో: సుమారు 12.5 కిలోలు
60 కి.మీ. వేగంలో: సుమారు 28 కిలోలు
80 కి.మీ. వేగంలో: సుమారు 50 కిలోలు
100 కి.మీ. వేగంలో: సుమారు 79 కిలోలు

మా పరుపు బరువు 12 కిలోలు. ఊళ్లో 40లో వెళ్తున్నప్పుడు గాలి బలం, పరుపు బరువు దాదాపు సమానం. అందుకే అది పడుకునే ఉంది. మేం తాడు బాగా కట్టామనుకున్నాం గానీ నిజానికి ఆ 13 కిలోమీటర్లూ తాడుకి పనే పడలేదు. హైవే మీద 80కి వచ్చేసరికి పైకి లేపే బలం పరుపు బరువుకి నాలుగు రెట్లు. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు అవుతుంది, వర్గం కదా. పైగా మనం చూడాల్సింది స్పీడోమీటర్ ఒక్కటే కాదు. ఎదురుగాలి 20 ఉంటే మన 80 గాలికి 100. లారీ పక్క నుంచి వెళ్తే ఒక్కసారిగా ఇంకా మారుతుంది.

సీఎస్ఈ వాళ్లకి ఇంకోలా చెప్తాను. మేం చిన్న ఇన్‌పుట్ ఇచ్చి టెస్ట్ చేసి, పాస్ అయిందని పెద్ద ఇన్‌పుట్ మీద వదిలేశాం. "ఇందాకటి దాకా బానే ఉంది కదా" అన్న మాట క్యారియర్ విషయంలో రుజువు కింద పనికిరాదు.

ఇంకో అలవాటు కూడా చూసే ఉంటారు. పైన పరుపో ప్లైవుడ్డో వేసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పట్టుకుంటారు. 80లో 50 కిలోల బలాన్ని మడిచిన మోచేత్తో ఎవరు ఆపగలరు? చెయ్యి వల్ల ధైర్యం తప్ప ఏమీ రాదు.

2. పైకప్పు ఎంత మోస్తుంది?

షాపుకి వెళ్లే ముందు కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తెరవండి. అందులో పైకప్పు మీద గరిష్ఠ బరువు అని ఒక సంఖ్య ఉంటుంది. చాలా చిన్న కార్లకి అది 50 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, కొన్నిటికి ఇంకా తక్కువ. కొన్ని మోడళ్లకి అసలు క్యారియర్ పెట్టొద్దనే రాస్తారు. అలా రాసి ఉంటే ఈ పాఠంలో మీకు పనికొచ్చేది చివరి భాగమే.

ఆ సంఖ్య దొరికాక ఇంకో రెండు చూడాలి. క్యారియర్ మీద దాని తయారీదారు రాసిన పరిమితి ఒకటి, కారుకి రూఫ్ రెయిల్స్ ఉంటే వాటి పరిమితి ఇంకొకటి. మూడింటిలో ఏది తక్కువైతే అదే మీ లెక్క. క్యారియర్ 75 కిలోలు మోస్తుందని డబ్బా మీద ఉన్నంత మాత్రాన 50 కిలోల పైకప్పు 75 మోయదు.

ఇక్కడ అందరూ మర్చిపోయేది క్యారియర్ సొంత బరువు. అది కూడా పైకప్పు మీదే ఉంది కదా! పరిమితి 50, ఇనుప క్యారియర్ 15 అనుకుంటే మిగిలేది 35. పైన వేసే పట్టా, తాళ్లు కూడా ఆ 35లోకే వస్తాయి.

"సర్వీసింగ్‌లో మనిషి ఎక్కినా పైకప్పుకి ఏమీ కాలేదు" అని మావయ్య వాదించాడు. ఆగి ఉన్న కారు వేరు, నడిచే కారు వేరు. గుంతలో చక్రం పడి లేచినప్పుడు పైన 50 కిలోల సామాను ఒక్క క్షణం దానికి ఎన్నో రెట్ల బరువుతో పైకప్పుని కొడుతుంది. మాన్యువల్‌లో సంఖ్య తక్కువగా కనిపించేది అందుకే.

పైకప్పు పరిమితి కాకుండా కారు మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది. మాన్యువల్‌లోని గరిష్ఠ మొత్తం బరువులోంచి ఖాళీ కారు బరువు తీసేస్తే మనుషులు, సామాను అన్నీ కలిపి ఎంత ఎక్కించొచ్చో వస్తుంది. ఖాళీ బరువు ఆర్సీలో కూడా ఉంటుంది. చిన్న కార్లలో ఐదుగురు పెద్దవాళ్లు కూర్చుంటేనే 325 కిలోల దాకా అయిపోతుంది. నిండా మనుషులతో, నిండా డిక్కీతో ఉన్న కారుకి పైన ఇంకా చోటుందంటే అది కంటికి కనిపించే చోటు మాత్రమే.

3. ఎత్తు మీద బరువు

మా తాతయ్య మాట ఒకటి: "తట్ట నెత్తి మీద ఎట్టుకున్న మనిసి పరిగెడతాదేటి?" నెత్తి మీద బరువుంటే మెల్లగా నడుస్తాం, మలుపులో ఇంకా మెల్లగా తిరుగుతాం. కారుకీ అంతే.

ఒక అంచనా వేద్దాం. మనుషులతో కలిపి కారు 1000 కిలోలు, గురుత్వ కేంద్రం నేల నుంచి 0.55 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. పైకప్పు మీద 1.65 మీటర్ల ఎత్తులో 50 కిలోలు పెడితే కేంద్రం 0.60కి చేరుతుంది. 100 కిలోలు పెడితే 0.65. ఐదు, పది సెంటీమీటర్లేనా అనిపిస్తుంది. కానీ కారు పక్కకి దొర్లకుండా ఉండే గుణాన్ని ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని ఈ ఎత్తుతో భాగించి కొలుస్తారు. చక్రాల మధ్య 1.3 మీటర్లు అనుకుంటే ఖాళీ పైకప్పుకి ఆ విలువ 1.18, 50 కిలోలతో 1.08, 100 కిలోలతో 1.0. అంటే పరిమితి లోపల ఉన్నా తొమ్మిది శాతం దాకా స్థిరత్వం పోయింది. పరిమితి దాటితే 15 శాతం. కుక్క అడ్డొచ్చిందని స్టీరింగ్ ఒక్కసారి తిప్పినప్పుడు ఈ తేడా బయటపడుతుంది.

అందుకని సూత్రం ఇది: బరువైనవి డిక్కీలో కింద, తేలికగా ఉండి చోటు ఎక్కువ తినేవి పైన. పుస్తకాల పెట్టె, బియ్యం మూట, గ్యాస్ స్టవ్ పైకి ఎక్కించి దుప్పట్లు లోపల పెట్టడం తలకిందుల పని.

4. మీ కారు పైకప్పు ఏ రకం?

మన దగ్గర కనిపించేవి నాలుగు రకాలు.

నీటి గాడి ఉన్నవి: అంబాసిడర్, ఓమ్ని లాంటి పాత బళ్లకి పైకప్పు అంచున వాన నీరు పోయే గాడి ఉంటుంది. పాత టాక్సీ క్యారియర్ల కాళ్లు ఆ గాడిని పట్టుకుంటాయి. మావయ్య ఇచ్చింది ఈ రకమే. మా కారుకి గాడే లేదు! తలుపు అంచుకి ఎలాగో తగిలించి బిగించాం. పరుపు ఎగరకపోయినా క్యారియరే ఏదో ఒక రోజు ఊడేది.

రూఫ్ రెయిల్స్ ఉన్నవి: పైకప్పుకి రెండు వైపులా ముందు నుంచి వెనక్కి కడ్డీలు ఉంటాయి. వాటి మీద అడ్డ కడ్డీలు బిగిస్తారు. రెయిల్స్ నిజంగా బరువు మోసేవో, అందం కోసం అతికించినవో కనుక్కోండి. రెనో ట్రైబర్ రెయిల్స్ 50 కిలోలు మోస్తాయని కంపెనీయే చెప్తుంది. అలా సంఖ్య చెప్పని రెయిల్స్‌ని అలంకారం అనుకోవడమే మంచిది.

నున్నటి పైకప్పు: ఎక్కువ హ్యాచ్‌బ్యాక్‌లు ఇవే. క్యారియర్ కాళ్లు తలుపు తీస్తే కనిపించే అంచుని కొక్కేలతో పట్టుకుంటాయి. ఈ కొక్కేలు ఆ మోడల్‌కి, ఆ సంవత్సరానికి తగ్గట్టు ఉండాలి. "అన్ని కార్లకీ సరిపోతుంది" అన్నది కొనకండి.

బోల్టు రంధ్రాలు ఉన్నవి: కొన్ని కార్లకి కంపెనీయే చిన్న మూతల కింద బిగించే చోట్లు ఇస్తుంది. ఉంటే వీటిని మించింది లేదు.

ఏ రకమైనా పైకప్పుకి డ్రిల్లింగ్, వెల్డింగ్ వద్దు. నీళ్లు కారతాయి, తుప్పు పడుతుంది. చట్టం సంగతి కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్ గురించి గట్టిగా చెప్పింది. కాబట్టి విప్పి తీసేయగలిగేదే తీసుకోండి. కొనేముందు మీ ఆర్టీవో ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ వాళ్లనీ ఒక మాట అడగండి. ప్రమాదం జరిగాక అడిగితే ఉపయోగం లేదు.

5. ఏ క్యారియర్ కొనాలి?

రెండు అడ్డ కడ్డీలు చాలు అనుకునేవాళ్లకి అల్యూమినియం కడ్డీలు మంచివి. తేలిక, తుప్పు భయం తక్కువ. విమానం రెక్కలా కోలగా ఉండే కడ్డీ, చదరపు కడ్డీ కంటే గాలిని తక్కువ ఆపుతుంది, రొద కూడా తక్కువ. చిన్న చిన్న వస్తువులు ఎక్కువ ఉంటే బుట్టలాంటిది కావాలి, కానీ దాని బరువు ముందే చూడండి. మూత ఉన్న ప్లాస్టిక్ బాక్స్ వానకి బాగుంటుంది, ఖరీదు ఎక్కువ, ఇంట్లో దాచడానికి చోటు కావాలి. ఏడాదికి ఒకసారే అవసరమైతే, తలుపుల్లోంచి పట్టీలు వేసి కట్టే మెత్తటి ప్యాడ్లు దొరుకుతాయి. తేలిక సామానుకి, దగ్గర దూరానికి సరిపోతాయి. వానలో ఆ పట్టీల వెంట నీళ్లు కారు లోపలికి వస్తాయని గుర్తుంచుకోండి.

మా ఊరికి సముద్రం దగ్గరే. ఉప్పుగాలికి ఇనుప క్యారియర్ రంగు కింద నుంచే తుప్పు పడుతుంది. పాతది తీసుకుంటే వెల్డింగ్ అతుకుల దగ్గర గోరుతో గీకి చూడండి. పొర లేచి వస్తే వదిలెయ్యండి.

బిగించే ముందు కాళ్లు ఆనే చోట పైకప్పుని తడిగుడ్డతో తుడవండి. చిన్న ఇసుక రేణువు ఉన్నా రబ్బరు కింద అరిగి రంగు పోతుంది. నీళ్ల కడవకి చుట్టకుదురు ఎలాగో, క్యారియర్ కాలికి ఆ రబ్బరు అలాగ. అది చిరిగితే మార్చాలి, గుడ్డపేలిక పెట్టి సరిపెట్టకూడదు. రెండు కడ్డీల మధ్య దూరం మాన్యువల్ చెప్పినంత ఉంచండి. ఒక పక్కే పూర్తిగా బిగించెయ్యకుండా నాలుగు కాళ్లనీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత ఆగి మళ్లీ చూడండి, కచ్చితంగా కొంత వదులవుతుంది.

6. కట్టడం

ఇది తాతయ్య సబ్జెక్టు. ఆయన కుర్రతనంలో ఎడ్లబండి మీద వరి మోపులు తోలేవాడు. "బరువు ముందరకొస్తే ఎద్దు మెడ మీద పడతాది, ఎనక్కెల్తే కాడి పైకి లేస్తాది. ఇరుసు మీదుండాల" అంటాడు. కారు మీద కూడా సామాను రెండు కడ్డీల మధ్యలో, ఎడమ కుడి సమంగా ఉండాలి. పొడుగు వస్తువులు ముందుకి వచ్చి డ్రైవర్ చూపుకి అడ్డం పడకూడదు, వెనక నంబర్ ప్లేటు, లైట్లు కనిపించాలి.

బండి మీద మోకు బిగించేవాళ్లు. మనకి దానికి బదులు పాలిస్టర్ పట్టీలు ఉన్నాయి. నైలాన్ తాడు బలమైనదే కానీ సాగుతుంది. బయల్దేరినప్పుడు బిగువుగా ఉన్నది గంట తర్వాత వదులవుతుంది. పట్టీ తక్కువ సాగుతుంది. బకిల్‌తో లాగి బిగించే పట్టీ చాలు. రాట్చెట్ పట్టీ అయితే మరీ ఎక్కువ తిప్పకండి, కడ్డీ వంగేంత బలం దానికి ఉంది. రబ్బరు కొక్కేల తాళ్లు చెదురుమదురు కొసలు పట్టి ఉంచడానికే తప్ప అసలు కట్టుకి కాదు.

తాతయ్య ఆ రోజు అడిగిన ప్రశ్న ఇక్కడ వస్తుంది: ముందర కట్టలేదేటి? అడ్డంగా వేసిన రెండు చుట్లు సామానుని కిందకి నొక్కుతాయి, అంతే. గట్టిగా బ్రేక్ వేస్తే 35 కిలోల సామాను సుమారు 28 కిలోల బలంతో ముందుకి జారబోతుంది. దాన్ని అడ్డ చుట్లు రాపిడితో మాత్రమే ఆపగలవు. కాబట్టి నాలుగు కట్లు కావాలి: అడ్డంగా రెండు, ముందుకి లాగేది ఒకటి, వెనక్కి లాగేది ఒకటి. పరుపు, ప్లైవుడ్ లాంటి చదునైన వాటికి ముందు అంచు లేవకుండా ఆ అంచు మీదుగా ఒక పట్టీ తప్పనిసరి. వీలైతే పరుపుని చుట్టగా చుట్టి, పట్టాలో మూట కట్టి పెట్టండి. గాలికి దొరికే వైశాల్యం తగ్గిపోతుంది.

పట్టా కప్పేటప్పుడు మడత నోరు వెనక్కి ఉండాలి. ముందుకి ఉంటే గాలి నిండి తెరచాప అవుతుంది. పట్టీలు గాలికి బుర్రుమని మోగితే మధ్యలో ఒక మెలిక తిప్పండి, చప్పుడు ఆగుతుంది. మిగిలిన కొసలు కట్టెయ్యండి, వేలాడనివ్వద్దు.

కట్టాక పరీక్ష: సామానుని పట్టుకుని ముందుకి, వెనక్కి, పక్కలకి గట్టిగా ఊపండి. కారు మొత్తం ఊగాలి. సామాను ఒక్కటే కదిలితే మళ్లీ కట్టండి.

7. నడపడం

కంపెనీ క్యారియర్‌తో ఎంత వేగం అన్నది రాస్తే అదే పాటించండి. మా ఇంట్లో రూల్ 70. బ్రేక్‌కి దూరం ఎక్కువ ఉంచండి, మలుపులో ముందే వేగం తగ్గించండి, లారీ ఓవర్‌టేక్ చేస్తుంటే స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి. మొదటి 10 కిలోమీటర్లకి ఒకసారి, హైవే ఎక్కిన కాసేపటికి ఇంకోసారి ఆగి పట్టీలు చూడండి. మేం చెయ్యనిది ఇదే. శ్రీకాకుళంలో టీ తాగడానికి ఆగాం గానీ పైకి చూడలేదు.

కారు ఇప్పుడు ఎత్తు పెరిగిందని గుర్తుండాలి. సామానుతో కలిపి ఎత్తు కొలిచి, కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అతికించండి. మాల్ సెల్లార్ పార్కింగ్, హైట్ బ్యారియర్లు, ఇంటి పోర్టికో, ఊళ్లో వేలాడే కరెంటు తీగలు. డోలోత్సవం రోజుల్లో మా ఊరి వీధుల్లో పందిళ్లు, తోరణాలు కడతారు. పైన సామానుతో వచ్చే కార్లు వాటికి తగులుకుని ఆగిపోవడం చూశాను.

8. పని అయ్యాక తీసెయ్యడం

చాలామంది క్యారియర్ పెట్టాక ఏడాదంతా అలాగే ఉంచుతారు. దాని ఖర్చు లెక్క వేద్దాం. నిండిన క్యారియర్ గాలి ఈడ్పు వైశాల్యాన్ని 0.3 చదరపు మీటర్లు పెంచుతుందనుకుంటే, 80 వేగంలో అదనపు బలం సుమారు 89 న్యూటన్లు. 100 కిలోమీటర్లకి 89 లక్షల జౌళ్లు. లీటరు పెట్రోల్‌లో సుమారు 3.2 కోట్ల జౌళ్లు ఉంటే, ఇంజిన్ పావు వంతే పనిగా మార్చగలదనుకుంటే, మనకి దక్కేది 80 లక్షలు. అంటే 100 కిలోమీటర్లకి లీటరు పైనే అదనం. లీటరుకి 20 ఇచ్చే కారుకి ఇది 20 శాతం పైమాటే.

ఖాళీ క్యారియర్ 0.08 పెంచుతుందనుకున్నా 100 కిలోమీటర్లకి 0.3 లీటర్లు. ఏడాదికి 10,000 కిలోమీటర్లు ఇలా తిరిగితే 30 లీటర్లు, లీటరు 110 చొప్పున 3,300 రూపాయలు. ఏమీ మొయ్యకుండానే! ఊళ్లో మెల్లగా తిరిగితే ఇంతవదు, హైవే మీద అవుతుంది.

ఇది నా అంచనా మాత్రమే, కానీ పెద్ద స్థాయిలో లెక్క వేసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో చెన్, మయర్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ప్రచురించిన పేపర్ ప్రకారం, 2015లో ఆ దేశంలో కార్ల క్యారియర్ల వల్ల ఖర్చయిన ఇంధనం సుమారు 10 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 38 కోట్ల లీటర్లు. క్యారియర్ డిజైన్ మార్చడం కంటే, ఖాళీ క్యారియర్‌తో తిరగడం తగ్గిస్తే దేశం మొత్తం మీద ఎక్కువ ఆదా అవుతుందని వాళ్లు తేల్చారు. నాలుగు బోల్టులు విప్పే ఓపికే కావాలి.

9. అసలు అవసరమా?

నిజాయితీగా చెప్పాలంటే చాలాసార్లు కాదు. మంచం, బీరువా, ఫ్రిజ్ లాంటివి చిన్న కారు పైకప్పు మీద పెట్టాల్సినవి కావు. ఊళ్లో అయితే ట్రాలీ ఆటో, దూరమైతే మినీ ట్రక్కులో మిగతావాళ్ల సామానుతో కలిపి పంపడం, ఒకటి రెండు మూటలైతే ఆర్టీసీ కార్గో. హాస్టల్ పరుపు సంగతైతే ఇక్కడే కొనుక్కుంటే పోయేది. క్యారియర్, పట్టీలు, పెట్రోల్ అన్నీ కలిపి చూస్తే చాలా సందర్భాల్లో అదే చవక. ఏడాదికి నాలుగైదుసార్లు కుటుంబమంతా దూరం వెళ్తూ, తేలిక బ్యాగులు లోపల పట్టకపోతే, అప్పుడు క్యారియర్ సరైన వస్తువు.

ఒక పేజీలో మొత్తం

• మాన్యువల్‌లో పైకప్పు పరిమితి చూశానా? మూడు సంఖ్యల్లో చిన్నది తీసుకున్నానా?
• అందులోంచి క్యారియర్ బరువు తీసేశానా?
• మనుషులు, డిక్కీ కలిపి మొత్తం పరిమితి దాటలేదు కదా?
• నా పైకప్పు రకానికి, నా మోడల్‌కి సరిపోయే క్యారియరేనా?
• బరువైనవి కింద, తేలికవి పైన ఉన్నాయా?
• అడ్డంగా రెండు, ముందు ఒకటి, వెనక ఒకటి, మొత్తం నాలుగు కట్లు ఉన్నాయా?
• ఊపి చూశానా? ఎత్తు రాసి పెట్టానా?
• 10 కిలోమీటర్లకి, హైవే ఎక్కాక ఆగి చూశానా?
• ఇంటికొచ్చాక విప్పేశానా?

మొన్న సంక్రాంతికి అక్కా వాళ్ల సామాను కొంచెం తేవడానికి మళ్లీ అదే రోడ్డు మీద వెళ్లాం. ఈసారి మా మోడల్‌కి సరిపోయే అడ్డ కడ్డీలు, నాలుగు పట్టీలు, పైన దుప్పట్ల మూటలు మాత్రమే. పూసపాటిరేగ దాటాక నాన్న ఏమీ చెప్పకుండా కారు పక్కకి ఆపారు. ఇద్దరం దిగి పట్టీలు లాగి చూశాం. అన్నీ బిగువుగానే ఉన్నాయి. అయినా తాతయ్య అద్దం దించి, "ముందరది సూసినారా?" అని అడిగాడు. చూశాం తాతయ్యా అన్నాను.

ఎవరైనా క్యారియర్ కొనే ఆలోచనలో ఉంటే మీ కారు మాన్యువల్ పట్టుకుని క్లబ్ మీటింగ్‌కి రండి. కూర్చుని లెక్క వేద్దాం. ముడి వేసేటప్పుడు మాత్రం మీ వెనక స్కూటర్ మీద ఒక పాప వస్తోందనుకుని వెయ్యండి.